నాయన నేల దిగని వారం

1962 జూన్ 3, కోయంబత్తూరు

మిల్లు గేటుకు తాళం పడి నెల దాటింది. పని లేని చేతులు ఊరుకోవు గనక ఈ పుస్తకం తీశాను. తెలుగులో రాస్తున్నాను. ఇంట్లో మేం మాట్లాడేది తెలుగే అయినా చదవడం ఎవరికీ రాదు. అమ్మకు ఏ అక్షరమూ తెలియదు. తంగవేలుకు అరవం అక్షరాలు మాత్రమే వచ్చు. మొగుడి గురించి ఏం రాసినా భయం లేదు.

నాకు ఈ అక్షరాలు నేర్పింది నాయన. ఒక సర్కసు వెంట బెజవాడ దాకా పోయి, నేర్చుకుని వచ్చాడు. మిల్లు కూలీల లైనులో మా ఇంటి గోడ మీద బొగ్గుతో రాసి చూపించాడు. "మన నోట్లో మాటకు బొమ్మ ఉండాది తాయీ. నేను చూసి వచ్చినా" అన్నాడు. గోడ పాడైందని అమ్మ సున్నం కొట్టింది. ఆయన సున్నం ఆరేదాకా ఆగి మళ్లీ రాశాడు.

నూలు చిలపలు చుట్టే రీలింగులో ఆడవాళ్లను సగానికి సగం తీసేస్తామన్నారు. మేం యంత్రాలు ఆపి కూర్చున్నాం. వాళ్లు మిల్లే మూసేశారు. అమ్మా నేనూ ఇద్దరం రీలింగే.

లైనులో ఇళ్లు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్నాయి. అందరూ పోతే కొత్తవాళ్లను తెచ్చి గేటు తెరవవచ్చని మిల్లువాళ్ల లెక్క. అది తెలిసీ తంగవేలు ఆండిపట్టికి పోదామంటున్నాడు. అక్కడ వాళ్లన్న ఉన్నాడు, పొలాల్లో కూలి దొరుకుతుంది. ఆకలి ముందు ఏం చెప్పగలను.

జూన్ 5

మూట కట్టాను. రేపు బయల్దేరుతాం.

జూన్ 6

నాయన వచ్చాడు.

రెండేళ్లయింది ఆయన్ని చూసి. మధ్యాహ్నం ఎండలో సైకిలు తోసుకుంటూ వచ్చాడు. వెనక ఇంకో సైకిలు మీద మైకుపెట్టెతో యేసుదాసు చిన్నాయన. వీళ్లిద్దరూ ఊరూరా సైకిలు ఆట ఆడతారు. నాయన తొక్కుతాడు, చిన్నాయన మైకులో మాట్లాడతాడు.

అమ్మ చేటలో సజ్జల్లో రాళ్లు ఏరుతోంది. తల ఎత్తలేదు. "కాళ్లు కడుక్కోమని చెప్పు" అంది నాతో.

"కడిగినానని చెప్పు" అన్నాడు నాయన, నాతోనే.

నాకు ఊహ తెలిసినప్పటినుంచీ వీళ్ల మాటలు నా మీదుగానే నడుస్తాయి.

చిక్కిపోయాడు. మీసం పూర్తిగా నెరిసింది. చొక్కాలోంచి ఎప్పటిలాగే ఏలకుల వాసన. గోడకు ఆనించిన మూట చూశాడు.

"ఎవరు పోతుండేది?"

"మేమే. ఆండిపట్టికి."

"మంచి ఊరు" అన్నాడు, ఇంకేమీ అడగలేదు.

ఆయనకు మిల్లు సంగతి తెలియదు. తిరుగుతూ తిరుగుతూ ఇటు వచ్చాడు, అంతే. ఎప్పుడూ అంతే. నాకేం కోపం లేదు.

జూన్ 7

లైను ముందు మైదానంలో రేపటినుంచి సైకిలు ఎక్కుతాడట. ఎక్కితే వారం దాకా దిగడు. తిండి, స్నానం, గడ్డం గీసుకోవడం, కునుకు తీయడం అన్నీ తిరుగుతూనే. మిగతా పనుల సంగతి అడగకూడదు. వాటికి యేసుదాసు చిన్నాయన దుప్పటి పట్టుకుని పక్కనే పరుగెత్తుతాడు.

తంగవేలు మొహం మాడ్చుకున్నాడు. "మామా, ఊళ్లో పోలీసు ఆర్డరు ఉండాది. అయిదుగురు కూడితే పట్టుకుపోతారు."

"నేను ఒక్కడినే గదా మాప్పిళ్ళే" అన్నాడు నాయన అల్లుడితో.

"ఇక్కడ అందరూ పస్తు. ఆట ఎవరు చూస్తారు, ఏమి ఇస్తారు?"

"మీరు ఇయ్యొద్దు. చూస్తే చాలు."

ఇంటికి వచ్చి తంగవేలు అన్నాడు, మీ నాయనకు బుద్ధి ఎప్పటికి వస్తుంది అని. నేను ఆయన వైపు మాట్లాడలేదు. తంగవేలు వైపూ మాట్లాడలేదు. ఆయన ఎక్కడం చూసి, ఎల్లుండి బయల్దేరుతాం.

జూన్ 8

పొద్దున మారియమ్మకు కర్పూరం వెలిగించి ఎక్కాడు. యేసుదాసు చిన్నాయన నేల మీద సున్నంతో పెద్ద చుట్టు గీశాడు. మైకులో మొదట అరవంలోనూ తర్వాత తెలుగులోనూ చెప్పాడు: "మాడసామి ఇకమీద నేల తొక్కడు. చూసేవాళ్లు చూడండి."

మొదట పిల్లలు వచ్చారు, తర్వాత పిల్లల కోసం తల్లులు, తర్వాత ఇంట్లో ఒక్కరే ఏం చేయాలో తోచక మగవాళ్లు. ఎండ ఎక్కేసరికి మైదానం చుట్టూ మనుషులే. జీపు వచ్చింది.

ఎస్సై దిగి అరవంలో అరిచాడు. "దిగురా కిందికి. అయిదుగురికి మించి ఒకచోట నిలబడకూడదని ఆర్డరు."

నాయన ఆగలేదు. "నేను నిలబడలేదు సామీ" అని దాటిపోయాడు. అవతలి అంచు దాకా పోయి, చుట్టు తిరిగి వచ్చి, మిగిలింది చెప్పాడు. "తిరుగుతా ఉండా."

ఎస్సై మెడ ఆయన వెంట తిరుగుతోంది. "వీళ్లంతా ఎవరు? మీటింగా ఇది?"

"మీటింగు కాదు సామీ." మళ్లీ చుట్టు. మేమంతా ఆయన వచ్చేదాకా ఎదురుచూశాం, ఎస్సైతో సహా. "ముసలోడు ఎప్పుడు పడతాడో చూడను వచ్చినారు."

నవ్వింది మొదట కానిస్టేబులు. ఆ తర్వాత మైదానమంతా నవ్వింది. నెల దాటింది లైనులో నవ్వు విని.

మైకులో కార్మిక సంఘం మాట ఒక్కటి వినబడినా లోపల వేస్తానని చెప్పి ఎస్సై నీడలో కుర్చీ వేయించుకున్నాడు. పోతాడనుకున్నాను. సాయంత్రం దాకా చూస్తూనే ఉన్నాడు.

జూన్ 9

బయల్దేరలేదు. మైకు వైరు తెగితే కట్టడానికి తంగవేలు పోయాడు. భోజనానికి కూడా రాలేదు.

జూన్ 10

ఈ మనిషిని నేను ఇన్నేళ్లూ చూడనే లేదేమో.

మధ్యాహ్నం చుట్టు పక్కన కూర్చున్నాను. ఆయన కళ్లు మూసుకున్నాడు. మెడ కొంచెం వాలింది. నోరు తెరుచుకుంది. నిద్రపోతున్నాడు. చక్రం మాత్రం తిరుగుతోంది. సున్నం గీత పక్కనే, గీత దాటకుండా. అంతమందీ మాటలు ఆపేశారు. ఒక చంటిబిడ్డ ఏడవబోతే తల్లి రొమ్ము అందించి ఊరుకోబెట్టింది. నిద్రలో ఆయన ఎక్కడికి పోతున్నాడో గానీ, మా ముందు నుంచి మాత్రం పోవడం లేదు.

చుట్టుపక్కల ఊళ్ల రైతులకు సంగతి తెలిసింది. బండ్లు కట్టుకుని వస్తున్నారు. చిల్లర విసిరితే చిన్నాయన తీసి తిరిగి ఇచ్చేస్తున్నాడు. మైకులో చెబుతున్నాడు: "మాడసామికి కాసు వద్దంట. గింజలు ఇయ్యండి." జొన్నలు, సజ్జలు, వేరుశనగ, గుమ్మడికాయలు వచ్చాయి. ఆయన ఒక్కడు ఎంత తింటాడు. మైదానం మూలన పొయ్యి పెట్టారు. సంఘం మనుషులు కలిపి వండుతున్నారు. వండే చోట మైకు లేదు గనక వాళ్ల మాటలు వాళ్లు మాట్లాడుకుంటున్నారు. ఎస్సై అటు చూడటం లేదు. ఆయన చూపు సైకిలు మీద ఉంది.

ఊళ్లకు పోయినవాళ్లలో నాలుగు ఇళ్లవాళ్లు తిరిగి వచ్చారు. ఆట చూడటానికట.

నా చిన్నప్పుడు ఒకసారి నాయన నన్ను సైకిలు ముందు కమ్మీ మీద కూర్చోబెట్టుకుని పీలమేడు విమానాల మైదానానికి తీసుకుపోయాడు. కంచె బయట ఎర్రమట్టిలో వెల్లకిలా పడుకుని నన్నూ పక్కన పడుకోబెట్టాడు. ఎంతసేపు పడుకున్నామో, నాకు ఏడుపు వచ్చింది. అప్పుడు వచ్చింది విమానం. మా మీదే దిగుతున్నట్టు వచ్చింది. నేను చెవులు మూసుకున్నాను. "చెవులు మూసుకో. కళ్లు మూయకు తాయీ" అన్నాడు. మూయలేదు. దాని పొట్ట చూశాను. చక్రాలు చూశాను. నాయన మొహం చూశాను. దేవుడి ఊరేగింపు ముందు జనం మొహాలు అలా ఉంటాయి.

మర్నాడు నేను బడి నుంచి వచ్చేసరికి ఆయన లేడు. ఆ సంగతే ఇన్నేళ్లూ గుర్తు పెట్టుకున్నాను. విమానం సంగతి ఇవాళ గుర్తొచ్చింది.

జూన్ 11

అమ్మ ఇంతవరకు మైదానం వైపు రాలేదు. కొళాయికి కూడా వెనక దారిన పోయేది. ఇవాళ యేసుదాసు చిన్నాయనకు జ్వరం. నాయనకు గంజి అందించబోయి తంగవేలు రెండుసార్లు ఒలకబోశాడు. మూడోసారి నేను ప్రయత్నించాను. చెంబు హ్యాండిలుకు తగిలి నాయన తూలాడు. జనం ఒక్కసారి "అయ్యయ్యో" అన్నారు.

వెనకనుంచి అమ్మ వచ్చింది. చీర కుచ్చెళ్లు ఎగ్గట్టింది. నా చేతిలోంచి చెంబు లాక్కుంది. నాయనకు ఎదురు పోలేదు, వెనక పడలేదు. చుట్టు లోపలివైపు చేరి, ఆయన రాకముందే పరుగు అందుకుంది. ఆయన వచ్చి కలిసేసరికి ఇద్దరిదీ ఒకే వేగం. చెంబు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి పోయింది. చుక్క ఒలకలేదు. ఆయన తాగుతూ ఉంటే అమ్మ సీటు వెనక ఒక చేయి ఆనించి పరుగెత్తుతూనే ఉంది. ఖాళీ చెంబు తీసుకుని పక్కకు తప్పుకుంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

నేను చిన్నాయన వైపు తిరిగాను.

దుప్పటి కప్పుకుని పడుకున్న చిన్నాయన నవ్వాడు. "ఏమనుకుంటివి పొన్నూ. మొదట మాడసామికి జోడీ మీ అమ్మ, ఇరుళాయక్కే. తొక్కేటోడి భుజం మీద ఎక్కి నిలబడేది. కంబం, తేని ఊళ్లలో అక్కను చూడను జనం విరగబడేవాళ్లు. నువ్వు కడుపున పడినాక దిగింది."

"అమ్మ నాకెప్పుడూ చెప్పలేదే."

"ఎవరన్నా ఒకరు ఒకచోట ఉండి నిన్ను పెంచాల గదా. ఆయమ్మ మిల్లుకు పోతానన్నది. అతన్ని తిరగమన్నది. 'ఇద్దరమూ దిగితే ఆట చచ్చిపోతాది' అన్నది."

ఇంటికి వచ్చాక అమ్మను అడిగాను. "జొన్నలు దంచాల, లే" అంది. దంచుతూ ఉంటే ఆమె చేతులు చూశాను. ఇన్నేళ్లూ మిల్లులో పక్క పక్కనే కూర్చున్నాం, ఈ చేతులు నాకు తెలుసనుకున్నాను.

జూన్ 12

గాలివాన. పాలక్కాడు వైపునుంచి మబ్బు వచ్చి మైదానం మీద కూర్చుంది. పొద్దున్నే మట్టి మెత్తబడింది. చక్రం దిగబడుతోంది. ఒక్కో చుట్టుకూ నాయన లేచి నిలబడి తొక్కాల్సి వస్తోంది. ఒకచోట సైకిలు దాదాపు ఆగింది. హ్యాండిలు ఇటూ అటూ తిప్పుతూ, కాలు కింద పెట్టకుండా, ఆగినచోటే ఊగుతూ నిలిచాడు.

ఎస్సై కుర్చీలోంచి లేచాడు. "చాలు పెద్దాయనా, దిగు" అన్నాడు. కోప్పడుతున్నట్టు లేదు, బతిమాలుతున్నట్టుంది.

అప్పుడు తంగవేలు వాగు వైపు పరుగెత్తాడు. గోనెసంచిలో ఇసుక నింపి తెచ్చి నాయన చక్రం ముందు పోశాడు. చక్రం కదిలింది. అది చూసి అందరూ పరుగెత్తారు. బుట్టలు, బిందెలు, తట్టలు, పాత చీరలు, ఏది దొరికితే దాంతో ఇసుక. లైను మొత్తం వాగుకూ మైదానానికీ మధ్య వరుస కట్టింది. ఊళ్లకు పోయి వచ్చినవాళ్లు, పోదామని మూట కట్టినవాళ్లు, ఒకరితో ఒకరు మాటల్లేనివాళ్లు. ఒక కానిస్టేబులు టోపీ తీసి పక్కన పెట్టి రెండు తట్టలు మోశాడు. ఎస్సై అతన్ని ఏమీ అనలేదు.

నాయన ముందు ఇసుక పడుతూనే ఉంది, ఆయన దాని మీద వస్తూనే ఉన్నాడు. నేను తట్ట కుమ్మరించి తలెత్తితే, పక్కనుంచి పోతూ అన్నాడు: "కొంచెం పలచగా చల్లు తాయీ. ఇది రోడ్డు, ఇల్లు కాదు."

మిల్లు ఆఫీసు మేడ కిటికీలో ఎవరెవరో నిలబడి చూశారు. లైను ఖాళీ అయిందని వాళ్లకు ఎవరు చెప్పారో గానీ, కాలేదని వాళ్లే చూసుకున్నారు.

జూన్ 13

మూట విప్పాను. జొన్నపిండి జల్లించడానికి గుడ్డ కావలసి వచ్చింది.

జూన్ 15

మాటలకు రమ్మని మిల్లువాళ్ల నుంచి సంఘానికి కబురు వచ్చింది. ఆ మాట ఎవరో పరుగెత్తుకొచ్చి చెబితే నాయన ఇంకో చుట్టు తిరిగి దిగాడు. దిగగానే కాళ్లు నిలవలేదు. అమ్మ పట్టుకుంది. అమ్మ పట్టుకుంటుందని తెలిసినట్టే ఆయన ఆవైపుకే వాలాడు.

ఎస్సై దగ్గరికి వచ్చాడు. ఏదో అనాలని వచ్చి, సెల్యూటు చేసి, జీపెక్కి పోయాడు.

జూలై 2

గేటు తెరిచారు. రీలింగులో ఎవరినీ తీయలేదు, ఈ ఏడాదికి. వచ్చే ఏడాది సంగతి వచ్చే ఏడాది అన్నారు సంఘంవాళ్లు. మొదటి షిఫ్టుకు అమ్మా నేనూ కలిసి పోయాం.

జూలై 9

షిఫ్టు దిగి వచ్చేసరికి నాయన లేడు. చొక్కాలు లేవు. సైకిలు లేదు.

నాకేం కోపం లేదు. ఈసారి నిజంగానే లేదు.

సెప్టెంబరు 20

యేసుదాసు చిన్నాయన ఒక్కడే వచ్చాడు. గుమ్మంలోనే కూర్చుండిపోయాడు. అమ్మ చూసి, చేటలో గింజలు నేలమీద పోసేసి, గోడకు ఆనుకుంది.

చిన్నమనూరులో. ఆటకు ముందురోజు. రొమ్ములో నొప్పి అన్నాడట. చిన్నాయన వైద్యుణ్ని పిలుచుకొచ్చేసరికి అయిపోయింది. కబురు చేరి మేం వచ్చేదాకా ఆగే దారి లేక ఆ ఊరివాళ్లే పూడ్చిపెట్టారు.

"ముందు ఎప్పుడూ నొప్పి రాలేదా?" అని అడిగాను.

చిన్నాయన చెప్పాడు. వైశాఖంలోనే వచ్చిందట. ఇక సైకిలు ముట్టకూడదని ఉత్తమపాళయంలో డాక్టరు అన్నాడట. సరేనని పడుకున్నాడు. అంతలో కోయంబత్తూరు నుంచి వచ్చిన లారీవాడు మా మిల్లుకు తాళం పడిందని, లైను ఖాళీ అవుతున్నదని చెప్పాడు. మర్నాడు పొద్దున నాయన చక్రాలకు గాలి కొడుతున్నాడట.

"నేను వద్దంటిని పొన్నూ. 'బిడ్డలు ఊరు విడిచి పోతుండారు, నా దగ్గర ఉండేది ఈ ఆట ఒకటే' అన్నాడు."

తెలియకుండా వచ్చాడని జూన్‌లో రాశాను. చదువుకున్నాను. ఆ ముక్క కొట్టేయలేదు. నేనెంత తెలియనిదాన్నో ఉండనీ.

సెప్టెంబరు 23, చిన్నమనూరు

దిండిగల్లులో బస్సు మారి, అమ్మా నేనూ చిన్నాయనా సాయంత్రానికి చేరాం. తంగవేలుకు సెలవు దొరకలేదు.

మా కులం ఆడవాళ్లు కాటికి పోరు. అమ్మ పోతానంది. ఊరి పెద్దలు ఒకరినొకరు చూసుకున్నారు. ఒక ముసలాయన అన్నాడు, "మాడసామి పెండ్లాము గదా, రానీయండి."

మట్టి ఇంకా పచ్చిగా ఉంది. మేం పోయేసరికే అక్కడ మనుషులున్నారు. ఎవరూ మా చుట్టాలు కారు. ద్రాక్షతోటల్లో కూలీలు, ఒక టీకొట్టు మనిషి, ఒక బడిపంతులు. తెల్ల చీర కట్టుకున్న ఒకామె సైకిలు మీద వచ్చి దిగింది. రాసాత్తి అట, ఈ చుట్టుపక్కల ఊళ్లకు మంత్రసాని నర్సు.

"మాడసామి అయ్యే సైకిలు నేర్పించినాడు" అంది అమ్మతో. "పక్కూళ్లో కాన్పు అంటే నడిచి పోయేలోపల బిడ్డ పోయేది. ఆడది సైకిలెక్కితే ఊరు నవ్వుతాది అంటిని. 'నవ్వనీ, నవ్వేటోళ్ల ఇంట్లోనే రేపు కాన్పు వస్తాది' అన్నాడు."

అమ్మ ఆమె చేయి పట్టుకుని ఆ అరచేతిలో కాయలు తడిమి చూసింది.

రాసాత్తి వాళ్లింట్లోనే పడుకుంటున్నాం. రేపు పొద్దున అమ్మకూ నాకూ కోయంబత్తూరు బస్సు. చిన్నాయన ఇక్కడే ఉంటానన్నాడు.

సెప్టెంబరు 24, కుములి

బస్టాండులో కోయంబత్తూరు బస్సు నిలబడి ఉంది. అమ్మ దాన్ని దాటి నడిచి, పక్కన కొండవైపు బస్సు ఎక్కి కూర్చుంది.

"అమ్మా, మనది అది కాదు."

"తెలుసు. కూర్చో."

రేపటి షిఫ్టు గుర్తు చేశాను. కిటికీలోంచి చూస్తూ ఉంది. కండక్టరు వచ్చి ఎక్కడికని అడిగాడు.

"ఇది ఎంతదూరం పోతాది?"

"కుములి దాకా."

"అంతదూరం."

బస్సు కంబం దాటింది. వరిపొలాలు అయిపోయి ద్రాక్ష పందిళ్లు వచ్చాయి. అడిగాను, ఇన్నేళ్లు ఆయన అలా వదిలేసి పోతుంటే నీకు బాధ వేయలేదా అని.

"పోయేటప్పుడు నేను చూసిందే లేదు" అంది. "నేను షిఫ్టులో ఉండేటప్పుడే పోయేవాడు. నాకు తెలిసిందంతా వచ్చేదే."

తర్వాత తనంతట తనే చెప్పింది. నేను కడుపులో ఉండగా ఒకసారి నాయన ఈ కుములి ఘాటురోడ్డు పైనుంచి కిందిదాకా, హ్యాండిలు ముట్టకుండా, రెండు చేతులూ తలమీద పెట్టుకుని సైకిలు మీద దిగానని ఇంటికి వచ్చి చెప్పాడట. అమ్మ నమ్మలేదట. చేతులు తలమీద పెట్టుకున్నావో, ఎవరి బండిలో పడుకుని వచ్చినావో అందట. ఆయన నవ్వి ఊరుకున్నాడట. ఆ మాట మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదట.

రోడ్డు కొండ ఎక్కింది. వంపు తర్వాత వంపు. ఒకవైపు రాయి, ఒకవైపు ఏమీ లేదు. వంపు తిరిగినప్పుడల్లా బస్సు మూలిగింది, జనం ముందు సీట్లు పట్టుకున్నారు. అమ్మ పట్టుకోలేదు. కిటికీలోంచి తల బయట పెట్టి కిందికి చూస్తూ ఉంది.

పైన దిగి, వచ్చిన దారినే కొంచెం వెనక్కి నడిచి, రోడ్డు అంచున నిలబడ్డాం. చలిగాలి. కంబం లోయంతా కింద పరుచుకుని ఉంది. ఎక్కి వచ్చిన రోడ్డు కొండకు దారం చుట్టినట్టు మెలికలు మెలికలుగా దిగి, చెట్లలో మాయమై, మళ్లీ ఎక్కడో సన్నగా తేలింది. కింద పోతున్న లారీ అగ్గిపెట్టెంత ఉంది.

అమ్మ అది అంతా చూసింది. మొదటి వంపు నుంచి కడపటి వంపు దాకా, వేలితో చూపించుకుంటూ ఒక్కొక్కటీ చూసింది. రెండు చేతులూ ఎత్తి తలమీద పెట్టుకుంది. అలాగే కొంతసేపు నిలబడింది.

"మనిషి తక్కువ చేసి చెప్పినాడు పొన్నూ" అంది.